కన్ను గీద్దామా? ముందు కన్నును చూద్దాం

ఉత్తర కోల్‌కతాలోని కుమార్తులిలో దుర్గ విగ్రహాలకు అన్నీ పూర్తయ్యాక చివర మిగిలేవి కళ్లు. సంప్రదాయం ప్రకారం మహాలయ అమావాస్య నాడు కళాకారుడు కుంచె పట్టి వాటిని దిద్దుతాడు. దీన్ని బెంగాలీలో ‘చొక్ఖుదాన్’ అంటారు. అమ్మవారికి కళ్లు ఇవ్వడం అని అర్థం. అప్పటిదాకా మట్టిబొమ్మగా ఉన్నది కళ్లు దిద్దగానే మనల్ని చూస్తున్నట్టు అనిపిస్తుంది.

ఆ నేర్పు వెనుక ఏళ్ల సాధన ఉంటుంది. మనం పెన్సిల్ పట్టి కన్ను గీస్తే మాత్రం అది తరచూ ఉలిక్కిపడ్డట్టు కనిపిస్తుంది. ఎందుకని?

కంటికి మన మనసులో ఒక గుర్తు స్థిరపడిపోయింది. రెండు వంపు గీతలు, మధ్యలో నిండు గుండ్రం, అందులో నల్లటి చుక్క. చేయి ఆ గుర్తునే గీస్తుంది. ఒకసారి అద్దంలో చూడండి. నల్లగుడ్డు వ్యాసం సుమారు 12 మిల్లీమీటర్లు. మామూలుగా చూస్తున్నప్పుడు దాని పై అంచును రెప్ప ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర కప్పేస్తుంది. భయపడితేనే రెప్ప పైకి లేచి, నల్లగుడ్డు పైన కూడా తెల్లదనం బయటపడుతుంది. 2004లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో, భయపడిన కళ్ల తెల్లదనాన్ని గుర్తుపట్టలేనంత తక్కువసేపు చూపించినా మెదడులోని అమిగ్డలా ఎక్కువగా స్పందించింది. నిండు గుండ్రం గీస్తే బొమ్మ బెదిరినట్టు కనిపించేది అందుకే.

రెండో పొరపాటు తెల్లగుడ్డును కాగితమంత తెల్లగా వదిలేయడం. కనుగుడ్డు సుమారు 24 మిల్లీమీటర్ల బంతి. బంతి మీద వెలుగు అంతటా ఒకేలా పడదు. పైగా రెప్ప నీడ, వెంట్రుకల నీడ దాని మీద పడతాయి. అందుకే మూలల్లో, పై రెప్ప కింద పెన్సిల్‌తో పలుచగా నీడ వేయాలి. పెన్సిల్ ముల్లులోని గ్రాఫైట్‌లో కార్బన్ పొరలు ఒకదానిపై ఒకటి వదులుగా పేర్చి ఉంటాయి. రాసినప్పుడు అవి జారి కాగితానికి అంటుకుంటాయి. బంకమట్టి పాలు ఎక్కువైతే గీత లేతగా వస్తుంది, తగ్గితే ముదురుగా వస్తుంది. లేత నీడకు హెచ్‌బి, కనుపాపకు 4బి సరిపోతాయి.

ఇక కంటికి ప్రాణం పోసేది చిన్న మెరుపు. నల్లగుడ్డు ముందున్న పారదర్శకమైన కార్నియా కుంభాకార దర్పణంలా కూడా పనిచేస్తుంది. దాని వక్రతా వ్యాసార్ధం దాదాపు 7.8 మిల్లీమీటర్లు, అంటే నాభ్యంతరం 3.9 మిల్లీమీటర్లు. రెండు మీటర్ల దూరంలో ఒక మీటరు ఎత్తున్న కిటికీ ఉంటే, కంటిలో దాని ప్రతిబింబం సుమారు రెండు మిల్లీమీటర్లు ఉంటుంది. మెరుపు అంటే ఆ బుల్లి కిటికీయే! బొమ్మలో అక్కడ మాత్రం కాగితాన్ని తెల్లగా వదిలేయాలి. రెండు కళ్లూ గీస్తే మెరుపు రెండింటిలోనూ ఒకే వైపున, దాదాపు ఒకే చోట ఉండాలి.

కంటి డాక్టర్లు కూడా ఈ మెరుపునే చూస్తారు. పిల్లల ముఖానికి ఎదురుగా చిన్న టార్చి వేసి, రెండు కళ్లలో మెరుపు ఒకే చోట ఉందా అని గమనిస్తారు. దీని పేరు హిర్ష్‌బర్గ్ పరీక్ష. ఒక కంటిలో మెరుపు పక్కకు జరిగి ఉంటే మెల్లకన్ను ఉండవచ్చు. ముక్కు దూలం వెడల్పుగా ఉన్న పసిపిల్లలకు మెల్ల ఉన్నట్టు అనిపించినా, మెరుపులు సరిగ్గా ఉంటే అది చాలాసార్లు మన భ్రమే. అయినా ఆ మాట డాక్టరే తేల్చాలి. నిజమైన మెల్లను వదిలేస్తే మెదడు ఆ కంటి దృశ్యాన్ని పట్టించుకోవడం మానేసి చూపు మందగించవచ్చు. చిన్న వయసులో చికిత్స మొదలైతే ఫలితం బాగుంటుంది.

కాబట్టి సాధన ఇలా మొదలుపెట్టండి. ఒక కంటి ఫోటోను తలకిందులుగా పెట్టి, కనిపించిన వంపులను, నీడలను మాత్రమే గీయండి. తలకిందులైన కన్ను మనసులోని గుర్తుకు అంత సులువుగా దొరకదు. తర్వాత అద్దం ముందు మీ కన్నే గీయండి. చారెడేసి కళ్లు రాకపోయినా ఫరవాలేదు. రోజూ అద్దంలో చూసుకునే కంటిలో ఇన్నాళ్లూ గమనించని ఒక కిటికీ కనిపిస్తే చాలు.