వదిలిన చేప బతకాలంటే

మెక్సికో సింధుశాఖలో రెడ్ స్నాపర్‌ను గాలం వేసి పట్టేవారు దొరికిన ప్రతి చేపనూ ఇంటికి తీసుకుపోవడానికి లేదు. నిర్ణీత పొడవు కన్నా చిన్నదైనా, వేట కాలం ముగిసినా, రోజుకు అనుమతించిన సంఖ్య దాటినా దాన్ని నీళ్లలోకి వదిలేయాల్సిందే. కానీ అలా వదిలిన చేపల్లో కొన్ని కిందికి ఈదలేక వెల్లకిలా తేలిపోతాయి. డాల్ఫిన్లో, సొరచేపలో వాటిని అందిపుచ్చుకుంటాయి. రేపటి సంతతి కోసం వదిలిన చేప ఆ పూటే చచ్చిపోతే నిబంధన పెట్టిన ఫలితం దక్కదు. పడవ మీది పనిముట్లను మార్చాలన్న ఆలోచన అక్కడి నుంచే బలపడింది.

అసలు దెబ్బ పీడనం వల్ల తగులుతుంది. నీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకూ దాదాపు ఒక వాతావరణ పీడనం అదనంగా చేరుతుంది. 30 మీటర్ల అడుగున పీడనం ఉపరితలం మీద కన్నా నాలుగు రెట్లు ఉంటుంది. అక్కడి నుంచి చేపను పైకి లాగితే దాని గాలితిత్తిలోని వాయువు నాలుగింతలు వ్యాకోచించాలని చూస్తుంది. కొన్ని జాతుల్లో గాలితిత్తి నుంచి గొంతులోకి దారి ఉంటుంది కాబట్టి అవి వాయువును నోటి గుండా వదిలేయగలవు. స్నాపర్‌కూ, అమెరికా పశ్చిమ తీరంలోని రాక్‌ఫిష్‌కూ ఆ దారి లేదు. రక్తం ద్వారా కొద్దికొద్దిగా తగ్గించుకోవడమే వాటికి తెలుసు, గాలం లాగే రెండు మూడు నిమిషాలు అందుకు చాలవు. తిత్తి ఉబ్బి ఒక్కోసారి పగులుతుంది, కళ్లు ఉబుకుతాయి, జీర్ణాశయం తిరగబడి నోట్లోంచి బయటికి వస్తుంది. దీన్నే బారోట్రామా అంటారు.

మొదట వచ్చిన ఉపాయం బోలు సూదితో గుచ్చి వాయువును తీసేయడం. 2008 నుంచి 2013 వరకు ఆ సింధుశాఖలో ఇలాంటి సాధనం పడవలో ఉండి తీరాలన్న నియమం ఉండేది. చేయి తిరిగినవాడు గుచ్చితే ఇది పనిచేస్తుంది. తెలియనివాడు నోట్లోంచి వచ్చిన జీర్ణాశయాన్నే గాలితిత్తి అనుకుని పొడిచేస్తాడు, లేదా లోపలి అవయవాలను చీలుస్తాడు.

అంతకన్నా మేలైన దారి చేపను వచ్చిన లోతుకే మళ్లీ దించడం. పీడనం పెరిగేకొద్దీ వాయువు దానంతట అదే కుదించుకుపోతుంది. ఇందుకు బరువు కట్టి బోర్లించిన ప్లాస్టిక్ క్రేటైనా చాలు. చేప కింది దవడను పట్టుకుని, 50, 100, 150 అడుగుల వంటి ముందే ఎంచుకున్న లోతులో పీడనానికి తనంతట తానే తెరుచుకునే పట్టుకొక్కేలు కూడా వచ్చాయి. 2022 జనవరిలో అమల్లోకి వచ్చిన డిసెండ్ చట్టం సింధుశాఖలోని అమెరికా సమాఖ్య జలాల్లో రీఫ్ చేపలు పట్టే పడవలు దించే సాధనమో, సూదో వాడకానికి సిద్ధంగా ఉంచుకోవాలని ఆదేశించింది.

ఈ కృషిలో అన్నిటికన్నా మెచ్చదగింది వదిలిన చేప ఏమైందో వెంటపడి చూడటం. పరిశోధకులు దించిన చేపలను బోనుల్లో ఉంచి గమనించారు. లోతును తెలిపే ధ్వని ట్యాగులు అమర్చి వదిలారు. చేప బతికుంటే ట్యాగు పైకీ కిందికీ కదులుతుంది, చచ్చిపోతే ఒకే లోతులో నిలిచిపోతుంది. ఇలాంటి ఆధారాలతోనే 2014 ప్రాంతంలో పశ్చిమ తీరపు అధికారులు కొన్ని రాక్‌ఫిష్ జాతుల విషయంలో, దించి వదిలిన చేపలకు తక్కువ మరణాల రేటు లెక్కగట్టడం మొదలుపెట్టారు.

గాలపు ముల్లు సంగతి వేరు. జె ఆకారపు ముల్లును చేప మింగితే అది పేగుల్లో గుచ్చుకోవచ్చు. సర్కిల్ హుక్ మొన లోపలికి వంగి ఉంటుంది. మింగినా లాగినప్పుడు జారుకుంటూ వచ్చి ఎక్కువగా దవడ మూలలో పడుతుంది. అయితే పాత అలవాటుతో ఒక్క ఊపున గుంజకూడదు, నెమ్మదిగా చుట్టాలి. సహజమైన ఎరతో రీఫ్ చేపలు పట్టేవారికి 2008 నుంచే ఆ సింధుశాఖలో ఈ ముల్లు తప్పనిసరైంది. అదీ స్టెయిన్‌లెస్ స్టీలుది కాకూడదు. దారం తెంచి వదలాల్సి వస్తే చేప ఒంట్లో మిగిలిన ముల్లు తుప్పుపట్టి ఊడిపోవాలని ఈ నియమం.

మిగిలింది గాలి. 1992లో కెనడాకు చెందిన పరిశోధకులు ఫెర్గుసన్, టఫ్ట్స్ అలసిపోయేదాకా ఈదించిన రెయిన్‌బో ట్రౌట్లతో ప్రయోగం చేశారు. నీళ్లలోనే ఉంచినవాటిలో 88 శాతం బతికాయి. 30 సెకన్లు గాలిలో ఉంచితే 62 శాతం, నిమిషం ఉంచితే 28 శాతమే మిగిలాయి. అందుకే చేపను పడవలోకి ఎత్తకుండా నీళ్లలోనే శ్రావణంతో ముల్లు తీయమంటారు. వల వాడితే ముడులు లేని రబ్బరు వల మేలు, ఒంటి మీది జిగురు పొరను అది తక్కువగా గీరుతుంది. పట్టుకోవాల్సి వస్తే ముందుగా చేతులు తడుపుకోవాలి.