గెలిస్తే నష్టమా? వాషింగ్టన్ విజార్డ్స్ అభిమాని ముందున్న వింత లెక్క

సొంత జట్టు ఓడితే ఏ అభిమానికైనా బాధే. కానీ అమెరికా రాజధానిలో మాత్రం ఓ బాస్కెట్‌బాల్ జట్టు అభిమానులు ఓటమి తర్వాత పాయింట్ల పట్టిక తెరిచి, ‘ఇంకా చివరి నాలుగింట్లోనే ఉన్నాం కదా’ అని సరిచూసుకోవాల్సిన పరిస్థితి. ఆ జట్టే వాషింగ్టన్ విజార్డ్స్. 2023-24లో ఆడిన 82 మ్యాచ్‌ల్లో గెలిచింది 15. ఫ్రాంచైజీ చరిత్రలోనే అంత దారుణమైన సీజన్ లేదు. 2024-25లో 18 గెలుపులు, 64 ఓటములు. ఆ ఒక్క సీజన్‌లోనే వరుసగా 16 మ్యాచ్‌లు ఓడటం రెండుసార్లు జరిగింది.

2025 అక్టోబర్‌లో 2025-26 సీజన్ మొదలైంది. ఆ సీజన్‌లో ఎన్ని గెలుస్తారన్నది అభిమానికి పెద్ద ప్రశ్న కాదు. ఇప్పుడున్న కుర్రాళ్లలో మూడేళ్ల తర్వాత కూడా ఈ జెర్సీలో ఉండేదెవరు? అసలు ప్రశ్న ఇదే. నార్తర్న్ వర్జీనియా, మేరీల్యాండ్‌లలో స్థిరపడిన ఎన్నో తెలుగు కుటుంబాలకు కూడా ఇదే లోకల్ టీమ్.

ఇక్కడిదాకా ఎలా వచ్చింది?

ఈ జట్టు ఒక్కసారే ఛాంపియన్ అయింది, అదీ 1978లో. చివరిసారి 50 మ్యాచ్‌లు గెలిచింది 1978-79లో. అప్పట్లో జట్టు పేరు బుల్లెట్స్. 2010 డ్రాఫ్ట్‌లో మొదటి పిక్‌తో జాన్ వాల్, 2012లో మూడో పిక్‌తో బ్రాడ్లీ బీల్, 2013లో మళ్లీ మూడో పిక్‌తో ఆటో పోర్టర్ వచ్చారు. అంతమంది ఉన్నా 2016-17లో 49 విజయాల దగ్గరే ఆగిపోయారు.

2023లో మైకేల్ వింగర్, విల్ డాకిన్స్‌ల కొత్త మేనేజ్‌మెంట్ వచ్చీ రాగానే బీల్‌ను ఫీనిక్స్ సన్స్‌కు ట్రేడ్ చేసింది. ఐదేళ్లకు 251 మిలియన్ డాలర్ల కాంట్రాక్ట్ అతనిది. ట్రేడ్‌ను కాదనే హక్కు కూడా అందులోనే ఉంది. దాంతో బేరమాడే చోటు తక్కువ. అప్పటి నుంచి జట్టును పునాదుల నుంచి కట్టే పని సాగుతోంది.

ఐపీఎల్‌కు, ఎన్‌బీఏకు తేడా ఇదే

ఐపీఎల్ 2023లో సన్‌రైజర్స్ హైదరాబాద్ చివరి స్థానంలో నిలిచింది. ఆ డిసెంబర్ వేలంలో 20.5 కోట్లకు పాట్ కమిన్స్‌ను కొని, 2024లో ఏకంగా ఫైనల్ ఆడింది. ఎన్‌బీఏలో అలాంటి వేలం లేదు. కొత్త ఆటగాళ్లు డ్రాఫ్ట్ ద్వారా వస్తారు. అందులో బలహీన జట్లకే ముందు అవకాశం. అంటే ఎంత కింద ఉంటే అంత మంచి కుర్రాడు దొరికే ఛాన్స్ ఉంటుందన్నమాట.

కానీ అది ఛాన్స్ మాత్రమే, గ్యారంటీ కాదు. కావాలని ఓడే జట్లను అడ్డుకునేందుకు మొదటి నాలుగు పిక్‌లను లాటరీ తీస్తారు. చివరి మూడు జట్లకూ మొదటి పిక్ దక్కే అవకాశం సమానంగా 14 శాతమే. 2025లో విజార్డ్స్‌ది కింద నుంచి రెండో స్థానం. లాటరీలో జారిపోయి ఆరో పిక్‌తో సరిపెట్టుకుంది. అంతకంటే దిగువన ఉన్న యూటా జాజ్‌కు ఐదోది దక్కింది. కేవలం 1.8 శాతం అవకాశం ఉన్న డాలస్ మావెరిక్స్ మొదటి పిక్ ఎగరేసుకుపోయి కూపర్ ఫ్లాగ్‌ను తీసుకుంది. 64 ఓటములు భరించిన అభిమానికి ఇది మామూలు దెబ్బ కాదు.

2026 పిక్‌లో మెలిక

2025-26 సీజన్‌లో ఓ పాత బాకీ కూడా ఉండేది. 2020 డిసెంబర్‌లో రస్సెల్ వెస్ట్‌బ్రూక్ కోసం జాన్ వాల్‌తో పాటు ఒక మొదటి రౌండ్ పిక్‌ను విజార్డ్స్ వదులుకుంది. చేతులు మారుతూ ఆ హక్కు న్యూయార్క్ నిక్స్‌కు చేరింది. షరతు ప్రకారం 2026 పిక్ మొదటి ఎనిమిదిలో పడితే విజార్డ్స్‌కే మిగులుతుంది. తొమ్మిది లేదా ఆ తర్వాత పడితే నిక్స్‌కు వెళ్తుంది. మిగిలితే మాత్రం రెండు రెండో రౌండ్ పిక్‌లతో ఆ బాకీ తీరిపోతుంది.

లాటరీలో తీసేది నాలుగు పిక్‌లే కాబట్టి ఏ జట్టూ నాలుగు స్థానాలకు మించి జారదు. అంటే చివరి నాలుగు జట్లలో ఉంటే విజార్డ్స్‌కు పిక్ ఖాయం. ఐదో స్థానానికి ఎక్కితే కాస్త రిస్క్ మొదలవుతుంది. ఇంకా పైకి వెళ్లే కొద్దీ అది పెరుగుతుంది. మార్చిలో వరుసగా నాలుగు మ్యాచ్‌లు గెలిస్తే సంబరపడాలో, భయపడాలో తెలియని స్థితి వచ్చేది ఇందుకే.

ఎవరు ఉంటారు?

జట్టులో అందరి కళ్లూ ఫ్రాన్స్‌కు చెందిన సెంటర్ అలెక్స్ సార్ మీదే. 2024లో రెండో పిక్‌గా వచ్చి, తొలి ఏడాదే ఆల్ రూకీ ఫస్ట్ టీమ్‌లో చోటు సంపాదించాడు. అదే డ్రాఫ్ట్‌లో 14వ పిక్‌గా వచ్చిన బబ్ క్యారింగ్టన్ మొత్తం 82 మ్యాచ్‌లూ ఆడి సెకండ్ టీమ్‌లో నిలిచాడు. 24వ పిక్ కైషాన్ జార్జ్, 2023లో ఏడో పిక్‌గా వచ్చిన బిలాల్ కూలిబాలీ, 2025లో వచ్చిన ట్రె జాన్సన్, విల్ రైలీ కూడా ఉన్నారు. హ్యూస్టన్ నుంచి క్యామ్ విట్‌మోర్‌ను తెచ్చారు.

ఇందరిలో ఆట చివరి నిమిషంలో బంతి ఎవరి చేతికివ్వాలి? 2025-26 సీజన్ మొదలయ్యేనాటికి అభిమాని దగ్గర దీనికి జవాబు లేదు. డిఫెన్స్ ఆడగలవాళ్లు ఉన్నారు, షూటర్లు ఉన్నారు. జట్టును భుజాన వేసుకునే స్టార్ మాత్రం అప్పటికి తేలలేదు.

డబ్బు లెక్క

2025-26 సీజన్ మొదట్లో జట్టులో ఉన్న సీజే మెకల్లమ్, క్రిస్ మిడిల్టన్ ఇద్దరి జీతాలు కలిపితే సుమారు 64 మిలియన్ డాలర్లు. ఆ సీజన్ శాలరీ క్యాప్ దాదాపు 154.6 మిలియన్లు. అంటే 40 శాతానికి పైగా ఈ ఇద్దరికే. ఇద్దరి కాంట్రాక్టులూ ఆ సీజన్‌తో ముగిసేవే. కాబట్టి 2026 వేసవిలో చేతినిండా డబ్బు ఉంటుందన్నది అప్పటి లెక్క.

కానీ ఓడే జట్టుకు పెద్ద స్టార్లు తమంతట తాము రావడం అరుదు. వయసు మీరిన స్టార్‌కు తొందరపడి భారీ కాంట్రాక్ట్ ఇస్తే బీల్ కథ మళ్లీ మొదటికొస్తుందన్నది అభిమాని భయం. మరోవైపు మొదటి రౌండ్ కుర్రాళ్ల చౌక కాంట్రాక్ట్ నాలుగేళ్లే. కూలిబాలీకి 2026 వేసవిలో, సార్ బ్యాచ్‌కు 2027 వేసవిలో పొడిగింపు చర్చలు మొదలవుతాయి. ఎవరిని ఉంచుకోవాలో తేల్చుకునేందుకు ఉన్న టైమ్ చాలా తక్కువ.

ఓడిన జట్లు ఎలా లేచాయి?

2020-21లో 22, మరుసటి ఏడాది 24 మ్యాచ్‌లే గెలిచిన ఓక్లహోమా సిటీ థండర్ 2025లో ఛాంపియన్ అయింది. విల్ డాకిన్స్ వచ్చింది ఆ సంస్థ నుంచే. అయితే థండర్ స్టార్ షే గిల్జస్ అలెగ్జాండర్ ఓటముల వల్ల దక్కిన పిక్ కాదు, 2019లో ట్రేడ్‌లో వచ్చినవాడు. జేలెన్ విలియమ్స్‌ది 12వ పిక్, అదీ క్లిప్పర్స్ నుంచి వచ్చిందే.

డెట్రాయిట్ పిస్టన్స్ 2023-24లో వరుసగా 28 మ్యాచ్‌లు ఓడి, 14 విజయాలతో ముగించింది. లాటరీలోనూ ఐదో పిక్‌కే జారింది. అయినా మరుసటి ఏడాది 44 మ్యాచ్‌లు గెలిచింది. కొత్త కోచ్ జేబీ బికర్‌స్టాఫ్, టోబియస్ హారిస్ లాంటి సీనియర్లు, అన్నిటికీ మించి కేడ్ కన్నింగ్‌హామ్ ఎదుగుదల ఆ జట్టును మార్చేశాయి. ఈ రెండు కథలూ చెప్పేది ఒకటే. ఓటమి టికెట్ ఇస్తుందే తప్ప జట్టును కట్టదు. ఉన్న కుర్రాళ్లకు ఆట నేర్పడం, సరైన ట్రేడ్ చేయడమే జట్టును నిలబెడతాయి.

అభిమాని ఏం గమనించాలి?

మొదటిది, సార్ రింగ్ దగ్గర బలం పెంచుకున్నాడా లేదా. రెండోది, జాన్సన్, క్యారింగ్టన్‌లలో ఎవరైనా మ్యాచ్‌ను నడిపించగలరా. మూడోది, 2026 ఫిబ్రవరి ట్రేడ్ గడువులోపు మెకల్లమ్, మిడిల్టన్‌లను ఏం చేస్తారన్నది సీజన్ మొదట్లో ఉన్న ప్రశ్న. ఈ మూడూ సరిగ్గా కుదిరితే 20 విజయాల సీజన్ కూడా వృథా కాదు. కుదరకపోతే 2026లో మొదటి పిక్ వచ్చినా వాల్ నాటి కథే తిరిగి రావొచ్చు. పిక్ కోసం లెక్కలు వేసుకున్నా, క్యాపిటల్ వన్ అరీనాలో టికెట్ కొని కూర్చున్న అభిమాని చూడాలనుకునేది గెలుపునే. ఆ ఓపికకు ఫలితం ఎప్పుడు దక్కుతుందో చూడాలి.