పన్నీరు బుడ్డి వెనుక కథ



గత సంవత్సరం గడివేములలో ఒక కుటుంబం వారు తమ ఇంట్లోని పాత గులాబ్‌పాష్‌ను సొసైటీకి ఇచ్చారు. పెళ్లిళ్లలో వచ్చినవారి మీద పన్నీరు చిలకరించే పొడుగు మెడ పాత్ర అది. మన ఊళ్లలో పన్నీరు బుడ్డి అంటారు. అమ్మి, ఆ డబ్బు ఆడపిల్లల ఫీజులకు వాడమన్నారు. కంసాలి గీటురాయి మీద గీసి చూసి, లోపల ఇత్తడి, పైన వెండి పూత అని తేల్చాడు. పాత ఇత్తడి ధరకైతే తీసుకుంటానన్నాడు. అమ్మాలా, ఉంచాలా అని కమిటీలో రెండు మాటలయ్యాయి. అప్పుడే ఈ వస్తువు సంగతి కొంత తెలుసుకున్నాం.

మన ప్రవక్త (స) సుగంధాన్ని ఇష్టపడేవారు, ఎవరైనా ఇస్తే కాదనేవారు కారు. శుక్రవారం స్నానం చేసి అత్తరు రాసుకోవడం అందరికీ తెలిసిన సున్నతే. మరి సుగంధం ఉన్నచోట దాన్ని దాచే పాత్ర కూడా ఉండాలి కదా. ప్రాచీన ఈజిప్టువారు రాతిని తొలిచి సుగంధ తైలాల బుడ్లు చేసుకున్నారు. సుమారు రెండు వేల ఏళ్ల కిందట సిరియా, పాలస్తీనా తీరంలో గొట్టంతో గాజును ఊది సీసాలు చేసే విద్య పుట్టింది. గాజు సీసా సామాన్యుడి చేతికి వచ్చింది అప్పటి నుంచే.

మన అత్తరుకు గాజు ఒక్కటే సరిపోలేదు. కన్నౌజ్‌లో రాగి డేగిసాలో గులాబీలు ఉడికించి, ఆ ఆవిరిని వెదురు గొట్టం గుండా గంధపు నూనెలోకి దింపుతారు. తయారైన అత్తరును తోలు కుప్పెల్లో పోసి ఉంచితే, మిగిలిన తేమ తోలు గుండా మెల్లగా బయటికి పోతుంది, సువాసన నిలుస్తుంది. అత్తరు చుక్కలతో పని కాబట్టి దాని సీసా చిన్నది, మూతకు గాజు పుల్ల ఉంటుంది. పన్నీరు నీళ్లలాంటిది, దోసిళ్లతో పని. అందుకే దాని బుడ్డికి పెద్ద పొట్ట, సన్నని మెడ, తామరమొగ్గ లాంటి తలకు రంధ్రాలు. గులాబ్ అంటే ఫారసీలో పూలనీరు, పాష్ అంటే చిలకరించేది.

వీటిలో అందమైనవి మన దక్కనులోనే తయారయ్యాయి. బీదర్ పనివారు జింకులో కొద్దిగా రాగి కలిపి పోతపోసి, గీతలు చెక్కి, ఆ గీతల్లో వెండి పొదుగుతారు. తరువాత పాత కోట మట్టిని, నవాసాగరాన్ని కలిపి పట్టిస్తే లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగానే ఉంటుంది. సైన్సు పాఠంలో చెప్పదగిన విషయమిది! కరీంనగర్ వారిది మరో దారి. వెంట్రుక లాంటి వెండి తీగను మెలిపెట్టి, అల్లి, అత్తరుదానులు చేస్తారు. హైదరాబాదు వెళ్లినవారు సాలార్‌జంగ్ మ్యూజియంలో బిద్రీ పనితనాన్ని తప్పక చూడాలి. అయితే మన ఇళ్లలోని పాతవి చాలా వరకు తూకానికే పోయాయి. ఫీజుకో, వైద్యానికో అమ్ముకున్నవారిని మేము తప్పుపట్టలేం.

మా బుడ్డి అంత గొప్పదేమీ కాదు. అయినా ఇచ్చినవారిని అడిగి, వారి అనుమతితోనే ఉంచుకున్నాం. ఇప్పుడు పెళ్లిళ్లకు ఇస్తున్నాం. తీసుకుపోయినవారు తోచినంత ఫీజుల డబ్బాలో వేస్తున్నారు. హిందూ సోదరుల పెళ్లిళ్లకూ వెళ్లి వచ్చింది. కంసాలి చెప్పిన ధర ఎప్పుడో దాటింది. ఒక ఇంటర్ అమ్మాయికి పుస్తకాలు కొనిచ్చాం.

కావలసినవారు వారం ముందు చెప్పండి. తిరిగి ఇచ్చేటప్పుడు లోపల తడి లేకుండా ఆరబెట్టి, తల మీది రంధ్రాలను సూదితో శుభ్రం చేసి ఇవ్వండి.