ఎడిన్‌బర్గ్‌లో ప్రతి ఆరు ఇళ్లకూ ఒకటి

స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బర్గ్‌లో 2022 జనగణన నాటికి ఉన్నది సుమారు 5 లక్షల 12 వేల మంది. 2019లో కొండమీది కోట చూడటానికి వచ్చినవాళ్లు 22 లక్షలు. ఆ ఏడాది ఆగస్టులో ఫ్రింజ్ అనే ప్రదర్శనల ఉత్సవానికి అమ్ముడైన టికెట్లు 30 లక్షలు దాటాయి. కోవిడ్ తర్వాత కొంత తగ్గినా, 2024లోనూ 26 లక్షలు అమ్ముడయ్యాయి. టికెట్టుకో మనిషి అని కాదు, ఒక్కొక్కరు రోజుకు రెండు మూడు ప్రదర్శనలు చూస్తారు. అయినా ఆ నెలలో ఊరి జనం రెట్టింపవుతారని అక్కడివాళ్లు మామూలుగా అనే మాట.

పుష్కరాలప్పుడు రాజమండ్రిని చూసినవాళ్లకు ఈ రద్దీ ఊహకు అందుతుంది. కానీ పుష్కరాలు పన్నెండేళ్లకోసారి, పన్నెండు రోజులు. ఎడిన్‌బర్గ్ ఉత్సవాలు 1947 నుంచి దాదాపు ఏటా, మూడు వారాలకు పైగా సాగుతాయి. ఆపై డిసెంబరులో క్రిస్మస్ సంత, హోగ్మనే అనే కొత్త సంవత్సర సంబరాలు. 2022 ఆగస్టులో ఉత్సవాల నడుమే చెత్త ఎత్తే కార్మికులు జీతాల కోసం సమ్మెకు దిగితే, యునెస్కో వారసత్వ హోదా ఉన్న వీధులు రోజుల్లోనే చెత్తకుప్పలతో నిండిపోయాయి.

చెత్తను ఎత్తేయవచ్చు. రద్దీ సెప్టెంబరుకి తగ్గుతుంది. నన్ను కలవరపెట్టే అంకె వేరే: 16.7 శాతం. స్కాట్లాండ్ ప్రభుత్వం 2019లో చేయించిన అధ్యయనం ప్రకారం, ఎడిన్‌బర్గ్ నడిబొడ్డున ఉన్న సిటీ సెంటర్ వార్డులో స్వల్పకాలిక బసలు దొరికే ఎయిర్‌బీఎన్‌బీ వెబ్‌సైటు జాబితాకెక్కిన బసల సంఖ్య, అక్కడి మొత్తం ఇళ్లలో ఇంత శాతానికి సమానం. అంటే ప్రతి ఆరు ఇళ్లకూ ఒకటి. వీటిలో ఇంటివాళ్లు ఉంటూ అద్దెకిచ్చే విడి గదులూ ఉన్నాయి. కానీ ఎవరూ కాపురముండక, పూర్తిగా పర్యాటకులకే వదిలేసిన ఫ్లాట్లు కూడా ఉన్నాయి.

ఇలా ఎందుకైందో ఇంటి యజమాని వైపు నుంచి చూస్తే తెలుస్తుంది. ఏడాది పొడవునా ఒకే కుటుంబానికి ఇస్తే వచ్చేది నెల అద్దె. ఉత్సవాల రోజుల్లో రాత్రికింత అని ఇస్తే దానికి కొన్ని రెట్లు. పాత ఊళ్లో చాలా ఇళ్లు టెనెమెంట్లు. ఒకే రాతి మెట్లదారి చుట్టూ అంతస్తులుగా పేర్చిన ఫ్లాట్లవి. వాటిలో రెండు మూడు బస గదులుగా మారితే చాలు, ఏ అర్ధరాత్రి ఎవరు సూట్‌కేసు ఈడ్చుకుంటూ ఎక్కుతున్నారో మిగతావాళ్లకు తెలియదు. పక్కింటి తలుపు తడితే పలికే మనిషే ఉండడు.

నగర కౌన్సిల్ చేతులు కట్టుకుని కూర్చోలేదు. 2022 సెప్టెంబరు 5 నుంచి ఊరంతటినీ స్వల్పకాలిక అద్దెల నియంత్రణ ప్రాంతం చేసింది. అంటే తాను కాపురం లేని ఇంటిని మొత్తంగా కొత్తగా పర్యాటకులకు ఇవ్వాలంటే ప్లానింగ్ అనుమతి తప్పనిసరి. లైసెన్సు కూడా కావాలి. అయితే టెనెమెంట్లకు మామూలుగా లైసెన్సు ఇవ్వబోమన్న కౌన్సిల్ విధానం చెల్లదని 2023 జూన్‌లో కోర్టు తేల్చింది. అదే ఏడాది నవంబరులో నగరం గృహ అత్యవసర పరిస్థితి ప్రకటించుకుంది. అప్పటికి దాదాపు 5,000 కుటుంబాలు తాత్కాలిక వసతిలో రోజులు వెళ్లదీస్తున్నాయి.

ఇక కొత్త సుంకం. 2026 జూలై 24 నుంచి చేసే బసలకు గది అద్దెపై 5 శాతం, వరసగా ఐదు రాత్రుల వరకే. రాత్రికి 150 పౌండ్ల గదైతే రోజుకు ఏడున్నర పౌండ్లు. ఐదు రాత్రులున్నా పది రాత్రులున్నా మొత్తం 37 పౌండ్ల 50 పెన్నీలు. ఓడల్లో వచ్చి పగలంతా తిరిగి సాయంత్రం మళ్లీ ఓడెక్కేవాళ్లు పైసా కట్టరు. దీనివల్ల 2028-29 నాటికి ఏటా 5 కోట్ల పౌండ్ల దాకా రావచ్చని కౌన్సిల్ అంచనా. అందులో ఇళ్లకూ, పర్యాటకం తెచ్చిన ఇబ్బందుల నివారణకూ కలిపి కేటాయించింది 50 లక్షల పౌండ్లు. అంచనా వేసిన రాబడిలో పదో వంతు. మిగతాదంతా ప్రధానంగా వీధుల నిర్వహణ, సంస్కృతి, వారసత్వం, పర్యాటక ఏర్పాట్లకు. ఈ వాటాలు తలకిందులుగా ఉన్నాయని నా అభిప్రాయం. పర్యాటకం ఊరి నుంచి తీసుకున్నది ముఖ్యంగా ఇళ్లనే.

సుంకం పర్యాటకులకే అనుకోనక్కర్లేదు. ఎడిన్‌బర్గ్ వాసి సొంత ఊళ్లో హోటల్లో దిగినా కట్టాలి. సెప్టెంబరు చదువుల కోసం వచ్చి, అద్దె గది దొరికేదాకా హోటల్లో తలదాచుకునే మన తెలుగు విద్యార్థులూ కట్టాలి.