సిల్వర్ గిన్నెలో పులుసు వండితే రొమ్ము క్యాన్సర్ వస్తుందా?

ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో ప్రకృతి వ్యవసాయం మీటింగులకు పోతే ఈ మధ్య ఆడవాళ్లు నన్ను అడిగేది పంట గురించి మాత్రమే కాదు. "అన్నా, సిల్వర్ గిన్నెల్లో వండితే రొమ్ము క్యాన్సర్ వస్తుందంట కదా, నిజమేనా?" అని అడుగుతున్నారు. వీడియోలో చెప్పిన విషయాన్నే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను.

మనం సిల్వర్ అనేది, సత్తు అనేది వెండి కాదు, అల్యూమినియం. భూమి పైపొరలో సుమారు 8 శాతం ఇదే ఉంటుంది. మన నల్లరేగడిలో కూడా ఉంది. కానీ నేలలో ఆమ్ల గుణం పెరిగి పీహెచ్ 5.5 కంటే తగ్గితేనే అది కరిగి వేళ్లను దెబ్బతీస్తుంది. మన పడమటి నల్లరేగడి క్షార గుణం ఉన్న నేల. కాబట్టి మన జొన్న, కొర్ర చేలల్లో ఆ భయం లేదు.

గిన్నెకు కూడా పులుపే శత్రువు. పులుపు, ఉప్పు, వేడి కలిస్తే అల్యూమినియం కరుగుతుంది. పంట మీద కొట్టడానికి పుల్ల మజ్జిగను సిల్వర్ బిందెలో రోజుల తరబడి ఉంచితే లోపల గుంటలు పడతాయి. చింతపండు పులుసు, టమాటా పప్పు, ఊరగాయ కూడా అంతే. ఉత్త అన్నం, పాలు కాస్తే కరిగేది చాలా తక్కువ.

అట్లా కడుపులోకి పోయిన దాంట్లో రక్తంలో కలిసేది 1 శాతం కంటే తక్కువ. దాన్ని కూడా చాలావరకు కిడ్నీలు మూత్రంలో పంపేస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఎఫ్ఏఓ కలిసి నడిపే నిపుణుల కమిటీ 2011లో ఒక పరిమితి పెట్టింది: కిలో ఒంటి బరువుకు వారానికి 2 మిల్లీగ్రాములు. అంటే 55 కిలోల మనిషికి వారానికి 110 మిల్లీగ్రాములు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ల సంగతి వేరు. వాళ్ల ఒంట్లో అది పేరుకుపోతుంది, వాళ్లు తప్పకుండా జాగ్రత్తపడాలి.

మరి రొమ్ము క్యాన్సర్ మాట ఎక్కడి నుంచి వచ్చింది? ముఖ్యంగా చంకల్లో చెమట పట్టకుండా రాసుకునే మందుల నుంచి. వాటిలో అల్యూమినియం లవణాలు ఉంటాయి. రొమ్ముకు దగ్గరే కదా, లోపలికి పోతుందేమో అని ఇంగ్లండులో రీడింగ్ యూనివర్సిటీ శాస్త్రవేత్త ఫిలిప్పా డార్బ్రే అనుమానం లేవనెత్తారు. 2002లో అమెరికాలోని సియాటిల్‌లో జబ్బు ఉన్న 813 మందిని, లేని 793 మందిని పోల్చి చూస్తే సంబంధం కనిపించలేదు. 2017లో ఆస్ట్రియాలో 209 మంది చొప్పున పోలిస్తే, 30 ఏళ్ల లోపే మొదలుపెట్టి రోజుకు చాలాసార్లు వాడామని చెప్పినవాళ్లలో జబ్బు ఎక్కువ కనిపించింది. అయితే అది జబ్బు వచ్చాక పాత అలవాట్లు గుర్తు తెచ్చుకుని చెప్పిన లెక్క. గడ్డలో అల్యూమినియం దొరికినా, దానివల్లే గడ్డ వచ్చిందని చెప్పలేం. కాబట్టి ఇది అనుమానమే, రుజువు కాలేదు.

అల్యూమినియం తయారుచేసే ఫ్యాక్టరీ పనిని క్యాన్సర్ కారకాల జాబితాలో పెట్టిన మాట నిజమే. అక్కడ తారు పొగలతో ఊపిరితిత్తులకు, మూత్రాశయానికి వచ్చే క్యాన్సర్ గురించి అది. మన వంటింటి గిన్నె గురించి కాదు.

నాకు భయం వేసేది ఇంకో విషయం. గిన్నెలు మార్చేశాం, ఇంక మనకు రాదులే అనుకుని గడ్డ కనబడినా ఊరుకోవడం. 2022లో మన దేశంలో సుమారు 1.92 లక్షల మంది ఆడవాళ్లకు కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చిందని అంచనా. వాళ్లలో చాలామంది ఆలస్యంగా ఆసుపత్రికి పోతారు. మొదట్లో గడ్డ నొప్పి పెట్టదు. నొప్పి లేదు కదా అని పత్తి తీతలు అయిపోనీ, కూలి డబ్బులు రానీ అని నెలలు గడిపేస్తారు.

ముంబైలో టాటా ఆసుపత్రి వాళ్లు 20 ఏళ్లు చేసిన పరిశోధన ఫలితం 2021లో వచ్చింది. మిషన్లు లేకుండా, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో పరీక్ష చేశారు. 50 ఏళ్లు దాటినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ చావులు దాదాపు 30 శాతం తగ్గాయి.

కాబట్టి చేయాల్సినవి ఇవి:

పులుసు, చారు, మజ్జిగ పులుసు మట్టి కుండలోనో స్టీలు గిన్నెలోనో చేయండి. ఊరగాయ జాడీలో పెట్టండి. సిల్వర్ గిన్నెను పీచుతో మరీ గట్టిగా తోమకండి, పైన ఉండే పొరే దానికి రక్ష.

30 ఏళ్లు దాటిన ప్రతి అక్కా ఊళ్లోని ఆరోగ్య కేంద్రంలో ఏఎన్ఎమ్మును అడిగి పరీక్ష చేయించుకోండి. ఆ పరీక్ష సర్కారు కార్యక్రమంలో ఉంది, ఉచితం.

గడ్డ, చర్మం సొట్టపడటం, చనుమొన లోపలికి పోవడం, రక్తం కారడం, చంకలో బిళ్ల కట్టడం — వీటిలో ఏది కనిపించినా పంట పని పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి పోండి. కర్నూలు పెద్దాసుపత్రికి రాస్తే ఆలస్యం చేయకండి.

అన్నలూ, ఈ వీడియో మీరొక్కరే చూసి ఊరుకోవద్దు. ఇంట్లో ఆడవాళ్లకు చూపించండి, ఆసుపత్రికి తోడు పోండి.