పీడీఎఫ్ – తెలుసుకుంటే ఎన్నో ఉపయోగాలు

 వార్షికోత్సవ సంచికకు అందరికీ పనికొచ్చేది ఏదైనా రాయమన్నారు. కవితలు రాయడం నాకు రాదు. అందుకని మన ఫోన్లలో పదో ఇరవయ్యో ఉన్నా, సంగతేమిటో ఎవరూ వివరంగా చెప్పని పీడీఎఫ్ గురించి రాస్తున్నాను. హాల్ టికెట్టు, కుల ధ్రువీకరణ పత్రం, ఆధార్, పాత ప్రశ్నపత్రాలు, నాన్నగారి పొలం 1బి, చివరికి ఉద్యోగంలో చేరమని వచ్చే ఉత్తరం కూడా ఇప్పుడు పీడీఎఫ్‌గానే వస్తున్నాయి. మన ఇళ్లలో కాగితం చూసి మంచిచెడ్డలు చెప్పే పెద్దలు తక్కువ. ఆ పని మనమే నేర్చుకోవాలి.

పీడీఎఫ్ అంటే పోర్టబుల్ డాక్యుమెంట్ ఫార్మాట్. ఎక్కడికైనా తీసుకుపోగల పత్రం అనుకోండి. అడోబీ అనే అమెరికా కంపెనీని 1982లో స్థాపించిన ఇద్దరిలో జాన్ వార్నాక్ ఒకరు. ఒక కంప్యూటర్‌లో తయారుచేసిన పేజీ ఇంకో కంప్యూటర్‌లో తెరిస్తే చెదిరిపోతోందని, ఎక్కడ తెరిచినా ఒకేలా కనిపించే పత్రం కావాలని ఆయన 1991లో 'కామెలాట్' అనే పేరుతో ఒక ప్రణాళిక రాశారు. దాని ఫలితమే 1993లో వచ్చిన పీడీఎఫ్. మొదట్లో దాన్ని చదివే ప్రోగ్రామును కూడా డబ్బు పెట్టి కొనుక్కోవాల్సి వచ్చేది. తర్వాత ఉచితం చేశారు. 2008లో ఇది అంతర్జాతీయ ప్రమాణం అయింది. కనుక ఇప్పుడు ఇది ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు.

వర్డ్ ఫైలు తెరిచినప్పుడు ఆ కంప్యూటర్‌లో ఉన్న ఫాంటును బట్టి పేజీని అప్పటికప్పుడు పేరుస్తుంది. ఆ ఫాంటు లేకపోతే వరుసలు జరుగుతాయి, పట్టికలు విరుగుతాయి. పీడీఎఫ్‌లో అలా కాదు. ఏ అక్షరం పేజీలో ఎక్కడ నిలబడాలో కొలతతో సహా ముందే రాసి ఉంటుంది. మామూలుగా ఫాంటు కూడా ఫైలులోనే ఇమిడి ఉంటుంది. అందుకే మీ రెజ్యూమే నరసన్నపేటలో ఎలా ఉందో, విశాఖపట్నంలో ఆఫీసర్ గారి కంప్యూటర్‌లోనూ అలాగే ఉంటుంది. రెజ్యూమే ఎప్పుడూ పీడీఎఫ్‌గానే పంపండి. వర్డ్ కాపీ మాత్రం మీ దగ్గర ఉంచుకోండి, రేపు మార్పులు చేయాలంటే అదే కావాలి.

ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా ఉంది. పైకి ఒకేలా ఉన్నా పీడీఎఫ్‌లు రెండు రకాలు. ఒకదానిలో నిజమైన అక్షరాలు ఉంటాయి, రెండోదానిలో పేజీ ఫోటో మాత్రమే ఉంటుంది. తెలుసుకోవడం తేలిక. ఒక పదం మీద వేలు కాసేపు నొక్కి ఉంచండి. ఆ పదం ఒక్కటే రంగు మారితే అక్షరాలున్నట్టు, ఏమీ కాకపోతే బొమ్మ అన్నమాట. రెండు వందల పేజీల మెటీరియల్‌లో 'వంశధార' అనే మాట ఎక్కడుందో మొదటి రకంలో ఒక్క క్షణంలో వెతకవచ్చు. రెండో రకంలో పేజీ పేజీ తిప్పాల్సిందే. చూపు లేని విద్యార్థికి ఈ తేడా ఇంకా పెద్దది. ఫోన్ అతనికి చదివి వినిపించగలిగేది అక్షరాలను మాత్రమే. ఫోటో పేజీ అతనికి ఖాళీ కాగితంతో సమానం. నోట్సు తయారుచేసి పంచేవారు ఈ మాట గుర్తుంచుకోవాలని నా విన్నపం.

తెలుగులో మూడో చిక్కు కూడా ఉంది. చాలా డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో టైపు చేసే అలవాటు ఉంది. ఆ ఫాంట్లలో లోపల ఉండేది ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల సంకేతాలే. వాటి మీద తెలుగు రూపాలు తొడిగారు. పీడీఎఫ్ చూడడానికి చక్కగా ఉంటుంది, కానీ ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే పిచ్చి గీతలు వస్తాయి. వెతికినా దొరకదు. యూనికోడ్ ఫాంటుతో టైపు చేస్తే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. ఫోటో పీడీఎఫ్ నుంచి అక్షరాలు రాబట్టాలంటే దాన్ని గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, కంప్యూటర్‌లో గూగుల్ డాక్స్‌తో తెరవండి. తెలుగును కూడా గుర్తుపడుతుంది. వత్తుల దగ్గర తప్పులు చేస్తుంది కాబట్టి సరిచూసుకోవాలి.

ఇక సర్టిఫికెట్ల సంగతి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మన జిల్లా పడిన పాట్లు పెద్దవాళ్లందరికీ గుర్తే. వంశధారకు వరద వచ్చింది. ఆ రాత్రి మా అమ్మ నా పదో తరగతి మార్కుల మెమోను ప్లాస్టిక్ కవరులో చుట్టి బియ్యం డ్రమ్ములో పెట్టింది. "కాయితాలు తడిసిపోతే సదువంతా పోయినట్టే గదరా" అంది. ఆమె చదువుకోలేదు, అయినా ఆ భయం నిజమే. డూప్లికేటు మెమో కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన వారిని అడిగితే చెబుతారు. కాబట్టి ఈ ఆదివారమే మీ ఒరిజినల్స్ అన్నీ పగటి వెలుతురులో, నీడ పడకుండా స్కాన్ చేయండి. గూగుల్ డ్రైవ్‌లోనే స్కాన్ చేసే సదుపాయం ఉంది. ఫైలుకు 'స్కాన్ 0001' అని కాకుండా మీ పేరు, సర్టిఫికెట్టు పేరు, సంవత్సరం పెట్టండి. ఒక కాపీ ఫోన్‌లో ఉంచి, ఒకటి మీ మెయిల్‌కు పంపుకోండి. ఫోన్ పోయినా మెయిల్ ఉంటుంది.

అయితే మీరు స్కాన్ చేసినది ఒరిజినల్ కాదు, జిరాక్సు లాంటిది. డిజిలాకర్ వేరు. 2015లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఈ సదుపాయంలో, పత్రం ఇచ్చిన సంస్థే దాన్ని నేరుగా మీ ఖాతాలో ఉంచితే అది ఒరిజినల్‌తో సమానమని 2017లో సవరించిన నియమాలు చెబుతున్నాయి. అందులో మనంతట మనం ఎక్కించుకున్న ఫైలుకు ఆ హోదా లేదు. మీ బోర్డు, యూనివర్సిటీ అందులో ఉన్నాయేమో చూసుకోండి. ఆధార్‌కు ఇచ్చిన ఫోన్ నంబరు మాత్రం మార్చుకుంటూ పోకండి, ఓటీపీ దానికే వస్తుంది.

కొన్ని ప్రభుత్వ పీడీఎఫ్‌లకు డిజిటల్ సంతకం ఉంటుంది. మన దేశంలో దానికి 2000 నాటి ఐటీ చట్టం గుర్తింపు ఇచ్చింది. కంప్యూటర్‌లో తెరిస్తే సంతకం దగ్గర పసుపు ప్రశ్నార్థకం కనిపించవచ్చు. అంటే పత్రం నకిలీ అని కాదు. ఆ సంతకం చేసినవారిని మీ కంప్యూటర్ ఇంకా నమ్మలేదని అర్థం. సంతకం తర్వాత ఎవరైనా పత్రాన్ని మారిస్తే ఆ సంగతి పరీక్షలో బయటపడుతుంది. ఆ రక్షణ అసలు ఫైలుకే. స్క్రీన్‌షాట్ తీసినా, రెండు ఫైళ్లు కలిపి కొత్తది చేసినా పోతుంది. అందుకే అలాంటి పత్రాన్ని వచ్చింది వచ్చినట్టు దాచి, ఎవరైనా అడిగితే డాక్యుమెంటుగానే పంపండి.

దరఖాస్తుల్లో మనల్ని ఏడిపించేది సైజు. కొన్ని 200 కేబీ దాటితే తీసుకోవు, ఫోన్ ఫోటో ఏమో మూడు నాలుగు ఎంబీ ఉంటుంది. రంగు అవసరం లేని చోట నలుపు తెలుపులో స్కాన్ చేస్తే బాగా తగ్గుతుంది. సైజు తగ్గిస్తామనే వెబ్‌సైట్లు చాలా ఉన్నాయి. వాటిలో ప్రశ్నపత్రం పెట్టండి, పర్వాలేదు. ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం మాత్రం పెట్టకండి, అవి ఎవరి కంప్యూటర్‌కు వెళ్తున్నాయో మనకు తెలియదు. నెట్ సెంటర్‌లోనూ అంతే. పని అయ్యాక డౌన్‌లోడ్స్‌లో ఉన్న మీ ఫైలు చెరిపి, రీసైకిల్ బిన్ ఖాళీ చేసి, మెయిల్ లాగౌట్ చేయాలి. ఒక నెట్ సెంటర్‌లో నా కళ్ల ముందే నలభై మంది ఆధార్‌లు వరుసగా కనిపించాయి.

ఆధార్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉంది కదా అంటారు. ఇంగ్లీషులో మీ పేరులోని మొదటి నాలుగు పెద్ద అక్షరాలు, పుట్టిన సంవత్సరం, అంతే. మీ క్లాసువాళ్లందరికీ అది తెలిసినట్టే. చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ దింపుకుని ఇవ్వడం మేలు. పీడీఎఫ్‌లో నంబరు మీద నల్లగీత గీసి ఇచ్చేవాళ్లూ ఉన్నారు. గీత కింద అక్షరాలు అలాగే ఉండిపోవచ్చు.

ఇప్పుడు అన్నయ్యలకు, చదువు మధ్యలో ఆపి పనికి వెళ్లే మన ఊళ్ల కుర్రాళ్లకు ఒక మాట. పీడీఎఫ్‌ను ఎవరూ మార్చలేరని చాలామంది నమ్ముతారు. అది తప్పు. సంతకం లేని పీడీఎఫ్‌లో పేరు, జీతం, కంపెనీ బొమ్మ మార్చడానికి పది నిమిషాలు చాలు. విదేశాల్లో వెల్డింగ్ పని, షిప్ యార్డు పని అంటూ వాట్సాప్‌లో వచ్చే ఆఫర్ లెటర్‌కు సీలు ఉన్నంత మాత్రాన విలువ రాదు. డబ్బు కట్టే ముందు ఆ ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులోని రిజిస్టరైన ఏజెంట్ల జాబితాలో ఉందో లేదో చూడండి. కంపెనీ సొంత వెబ్‌సైటు వెతికి, అందులో ఉన్న మెయిల్‌కు రాసి అడగండి. లక్షలు అప్పు చేసి వెళ్లేముందు ఒక్క మెయిల్ రాయడం పెద్ద పని కాదు.

చెన్నై, హైదరాబాదు కంపెనీల్లో పనిచేసి వచ్చిన నాన్నలు, చిన్నాన్నలు ఇంట్లో ఉంటే వాళ్ల పీఎఫ్ యూఏఎన్ నంబరు కనుక్కోండి. పాసుబుక్కు పీడీఎఫ్‌గా దింపుకోవచ్చు. ఎన్ని నెలలు కట్టారో, ఎంత నిలువ ఉందో అందులో కనిపిస్తుంది.

చివరిగా ఒక పని. మన పాత వార్షికోత్సవ సంచికలు బీరువాలో ఉన్నంతలో చెదలు పట్టకముందే పీడీఎఫ్ చేద్దాం. వార్డెన్ గారు అనుమతిస్తే సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు నేను ఒక రోజు ఉంటాను. 300 డీపీఐలో, పేజీ వంకర లేకుండా స్కాన్ చేయడానికి ఇద్దరు తమ్ముళ్లు తోడు కావాలి. ఈ సంచికను యూనికోడ్‌లో టైపు చేయించగలిగితే దీన్ని మళ్లీ స్కాన్ చేసే పనే ఉండదు.