మీకు తెలుసా? క్షయ వైద్యాన్ని ఇంటికి తెచ్చింది మద్రాసే

ఒకప్పుడు క్షయ సోకిందంటే శానిటోరియంలో చేరమనేవారు. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం లాంటి చోట్ల మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన తిండే సగం వైద్యం. కానీ దేశంలో రోగులు లక్షల్లో ఉంటే పడకలు వేలల్లోనే ఉండేవి.

1956లో మద్రాసులో ఒక అధ్యయనం మొదలైంది. పేద కుటుంబాలకు చెందిన 193 మంది రోగుల్లో కొందరిని శానిటోరియానికి పంపి, మిగతావారిని తమ ఇరుకిళ్లలోనే ఉంచారు. అందరికీ ఏడాదిపాటు అవే మందులు: ఐసోనియాజిడ్, పి.ఎ.ఎస్. ఎవరు ఎటు వెళ్లాలన్నది మాత్రం డాక్టర్లు ఎంచలేదు, లాటరీ తరహాలో తేల్చారు. అసలు కిటుకు అదే. డాక్టర్లకే వదిలేస్తే జబ్బు ముదిరినవారినే శానిటోరియానికి పంపేవారేమో! అప్పుడు ఫలితంలోని తేడా చోటు వల్లనో, జబ్బు తీవ్రత వల్లనో చెప్పలేం.

1959లో ఫలితాలు వచ్చాయి. ఏడాది చివరికి జబ్బు అణిగినవారు శానిటోరియంలో 92 శాతం, ఇళ్లలో 86 శాతం. ఇంత తక్కువమందిలో ఆ ఆరు శాతం తేడా యాదృచ్ఛికంగానూ రావచ్చు. పైగా మంచి తిండి, విశ్రాంతి దక్కింది శానిటోరియం వాళ్లకే!

రోగిని ఇంట్లో ఉంచినందుకు కుటుంబసభ్యులకు అదనపు ముప్పేమీ కనబడలేదు. ఆ తర్వాత చాలా దేశాలు ఇంటి వైద్యం వైపు మళ్లాయి.